బాకా వెనుక ముఖం

మొయినాబాద్‌లో పట్నం బస్సులు ఆగే చోటికి నాలుగు దుకాణాల అవతల స్వామిదాసు ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే రోడ్డు వైపు ఒక గది, దాని వెనుక ఒకప్పటి మేకల కొట్టాన్ని బాగుచేసి కట్టుకున్న చీకటి గది. ముందు గది పైకప్పులో పెంకుల మధ్య నాలుగు గాజు పలకలు పెట్టించాడు. ఆ వెలుగు కింద కుర్చీ వేసి మనుషుల్ని కూర్చోబెట్టేవాడు.

ఆయన పుట్టింది చేవెళ్లలో. పద్నాలుగేళ్లకే పట్నం పోయి ఒక స్టూడియోలో ఫిల్ములు కడిగే పనిలో కుదిరాడు. తొమ్మిదేళ్లు చేశాడు. కెమెరా చేతికి దొరికింది తక్కువ. ఇతరులు తీసిన ముఖాలు మందునీళ్లలో నెమ్మదిగా తేలుతుంటే, ఏది నిలిచింది, ఏది చెదిరింది అని చూడటమే ఆయన చదువు. పెళ్లయ్యాక భార్య విమలమ్మకు మొయినాబాద్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆమెతో పాటు వచ్చి ఇక్కడ సొంతంగా పని మొదలుపెట్టాడు. నాకు ఈ సంగతులన్నీ చెప్పింది విమలమ్మే. మా బడిలో ఆమె నాలుగో తరగతికి చెప్పేది.

స్వామిదాసు ఫోటోల్లో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చని జనం అనుకునేవారు. కళ్లు సరిగా రాని ఫోటోను ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. మళ్లీ కూర్చోబెట్టి తీసేవాడు. అయితే అదంతా పగటి వెలుగు మాట.

ఆయన కెమెరాకు రెండు గాజు కళ్లు ఒకదాని మీద ఒకటి ఉండేవి. పై కన్ను చూడటానికి, కింది కన్ను తీయడానికి. మెడకు తగిలించుకుని పైనుంచి వంగి చూస్తే, లోపలి మసక అద్దం మీద ఎదుటి మనిషి కనిపిస్తాడు. పక్కనున్న చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి, బొమ్మ తేటపడిన చోట ఆపాలి. ఇప్పటి కెమెరాల్లా దూరాన్ని అది తనంతట తాను పసిగట్టదు. చీకటి పడితే ఆ అద్దం మసిపట్టిన లాంతరు చిమ్నీలా అయ్యేది. పైగా వెలుగు తక్కువైనప్పుడు కింది కన్నును పూర్తిగా తెరవాలి. అట్లా తెరిస్తే జానెడు మేర మాత్రమే స్పష్టంగా పడుతుంది. దానికి ముందున్నదీ, వెనుకున్నదీ కరిగిపోతాయి.

1969 మొదట్లో ప్రత్యేక తెలంగాణ కోసం పట్నంలో విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. కాలేజీలు మూతపడ్డాయి. పట్నంలో పీయూసీ చదువుతున్న సాలోమోను ఇంటికి వచ్చేశాడు. వాడికి పంతొమ్మిదేళ్లు. తల్లి బీరమ్మ ద్రాక్షతోటల్లో కూలి చేసేది. తండ్రి లేడు. చదువు ఆగిపోయేసరికి వాడు కుర్మయ్య బ్యాండులో చేరి బాకా ఊదసాగాడు.

కుర్మయ్య బ్యాండులో ఎనిమిది మంది. అందరూ ఒకే చర్చి వాళ్లు. ఆదివారం చర్చిలో కీర్తనలు వాయించేవారు, మిగతా రోజుల్లో పెళ్లిళ్లకు పోయేవారు. ఊరేగింపులు మొదలయ్యాక, పిలిస్తే వాటి ముందు కూడా నడిచేవారు.

మార్చిలో మోకిలలో ఒక పెళ్లి జరిగింది. బరాత్ ఊరేగింపుకు కుర్మయ్య బ్యాండు, ఫోటోలకు స్వామిదాసు. పొద్దుగూకింది. పెట్రోమాక్స్ దీపాలు నెత్తిన పెట్టుకుని నలుగురు మనుషులు బ్యాండుకు అటూ ఇటూ నడుస్తున్నారు. ఒక పాట అయిపోయి ఇంకొకటి అందుకునే లోపల సాలోమోను దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నేను ఊదుతుండంగ ఒక్కటి తియ్యరాదు. నన్నొక్కన్నే."

"రేపు పగటీలి స్టూడియోకు రా. మంచిగ తీస్త," అన్నాడు స్వామిదాసు.

"కుర్చీల కూసుంటె కాలేజీ కార్డు మీది ఫోటో లెక్కనే పడతది. నాకు ఊదేటిది గావాలె."

స్వామిదాసు కాదనలేకపోయాడు. వంగి అద్దంలోకి చూశాడు. అంతా నలుపు. ముఖం ఎక్కడుందో తెలియడం లేదు. ఆ నలుపులో ఒకటే వెలుగు చుక్క, బాకా మూతి అంచు మీద దీపం తళుక్కు. చక్రం తిప్పుతూ పోతే ఆ తళుకు సన్నగా, సూది మొనలా తేలింది. అక్కడ ఆపి మీట నొక్కాడు.

రెండు రోజుల తర్వాత ఫిల్ము కడిగి చూసుకుంటే బాకా అద్భుతంగా పడింది. మూతి చుట్టూ చెక్కిన తీగ పువ్వులు, ఒక చోట సొట్ట, అన్నీ కనిపిస్తున్నాయి. ఆ బాకా వెనుక, మూరెడు దూరంలో ఉన్న సాలోమోను ముఖం మాత్రం ఆవిరి పట్టిన అద్దం వెనుక మనిషిలా చెదిరిపోయింది.

సాలోమోను వచ్చి చూసి నవ్వాడు. "బాకా మంచిగ పడ్డదన్నా. నేనే యాడికో పోయిన."

"తప్పు నాదే. ఈస్టర్ పండుగకు చర్చిల మళ్ల తీస్త," అని స్వామిదాసు మాట ఇచ్చాడు.

ఈస్టర్ నాటికి బందుల మీద బందులు. పట్నం నుంచి బస్సులు రాలేదు, ఫిల్ము రాలేదు. మిగిలిన కొద్ది ఫిల్మును ఒప్పుకున్న పెళ్లిళ్లకే దాచిపెట్టాడు. వచ్చే ఆదివారం, ఆపై ఆదివారం అంటూ రెండు నెలలు గడిచాయి.

జూన్ మొదట్లో సాలోమోను పట్నం పోయాడు. ఊరేగింపులో నడవడానికి పోయాడని కొందరు, కాలేజీ ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవడానికని కొందరు అన్నారు. కాల్పులు జరిగాయి. తూటా రొమ్ములో దిగింది. రెండో రోజు ఒక లారీలో శవాన్ని తెచ్చారు. ఎక్కువ మంది గుమికూడవద్దన్న ఆజ్ఞ ఉండటంతో ఒక గంటలో సమాధి కార్యక్రమం ముగించారు. బ్యాండు వాయించలేదు.

వారం తిరగకుండా చేవెళ్ల నుంచి ముగ్గురు విద్యార్థులు స్టూడియోకు వచ్చారు. సంతాప సభ పెడుతున్నారు. సాలోమోను ఫోటో పెద్దది కావాలి. ఇంట్లో అడిగితే లేదన్నారట. ఉన్నది ఒక్క కాలేజీ కార్డు మీది ఫోటో. ఆ కార్డు ఆ రోజు వాడి చొక్కా జేబులో ఉంది. చొక్కాతో పాటే పోయింది.

స్వామిదాసు లోపలికి పోయి మోకిల ఫోటో తెచ్చి చూపించాడు.

"దీంట్ల ముఖమే లేదు కదన్నా," అన్నాడు ఒకడు.

"ఉన్నదిదే."

"నువ్వు కండ్లు మంచిగ తీస్తవని అందరు చెప్తరు. ఏమన్న చెయ్యి. ఆయన పేరు తలుచుకుని జనం వస్తరు, ఆయనను చూడకుంట ఎట్ల పోతరు?"

వాళ్ల కళ్లల్లో నీళ్లున్నాయి. స్వామిదాసు సరేనన్నాడు.

ముఖం ఉన్న భాగాన్ని మాత్రమే పెద్దది చేశాడు. కాగితం మీద బూడిద చల్లినట్టు వచ్చింది. ఫోటోలు దిద్దే సిరా, సన్నని కుంచె తీసుకుని కూర్చున్నాడు. మొదట కనుబొమ్మలు, తర్వాత కళ్లు, ముక్కు పక్క నీడ. బాకా పట్టుకున్న చేతిని తీసేసి అక్కడ చొక్కా కాలరు గీశాడు. గాలి నింపుకుని ఉబ్బిన బుగ్గలను లోపలికి దిద్దాడు. రెండు రోజులు పట్టింది. విమలమ్మ అన్నం తెచ్చి పక్కన పెట్టి ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది.

"గిట్లనే ఉండెనా సాలోమోను?"

"గిట్లనే ఉండె," అన్నాడు స్వామిదాసు. కాసేపాగి, "అనుకుంట," అన్నాడు.

దాన్ని మళ్లీ ఫోటో తీసి పెద్దగా అచ్చువేసి ఇచ్చాడు. చేవెళ్ల సభలో ఆ ఫోటోకు పూలదండ వేసి బల్ల మీద నిలబెట్టారు. కోలగా, నిండుగా ఉన్న ముఖం, సూటిగా చూసే కళ్లు. చూసిన ఆడవాళ్లు ఏడ్చారు. మగవాళ్లు పిడికిళ్లు ఎత్తి నినాదాలు చేశారు. బీరమ్మను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె తలెత్తి ఫోటోను చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. పక్కనున్న విమలమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఎవల పిలగాడమ్మా గీయన?"

అప్పుడే మైకులో పాట మొదలైంది. బీరమ్మ మాట ఆ చుట్టుపక్కల నలుగురైదుగురికి తప్ప ఎవరికీ వినిపించలేదు. ఆ నలుగురిలో స్వామిదాసు ఒకడు.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి బీరమ్మ గడప ముందు కూర్చుని ఉంది. తోట పనికి పోతూ దారిలో ఆగింది.

"నా కొడుకు బాకా ఊదంగ ఒకటి తీసినవట గదా. కుర్మయ్య చెప్పిండు. గది చూపియ్యి సామిదాసూ."

"అది మంచిగ రాలే అవ్వా. ముఖం చెదిరిపోయింది."

"చూపియ్యి."

తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుగుకు పట్టుకుని చూసింది. ముఖం ఉండవలసిన చోట బూడిద రంగు మరకే ఉంది. ఆమె వేలు మాత్రం ఆ మరక మీదికి పోలేదు. కిందికి, భుజం దగ్గరికి పోయింది.

"గీడు నా కొడుకు. ఊదేటప్పుడు ఎడమ బుజం గిట్లనే పైకి లేపుతుండె. చిన్నప్పుడు చెట్టు మీదికెల్లి పడ్డడు, అప్పటి సంది గంతే." ఆమె ఇంకాసేపు చూసి అడిగింది: "మరి బాకా గింత మంచిగొచ్చి, ముఖం గిట్లెందుకయింది?"

స్వామిదాసు ఇంకో మాట చెప్పి తప్పించుకోవచ్చు. వెలుగు లేదనవచ్చు, వాడు కదిలాడనవచ్చు.

"చీకట్ల నాకు బాకా మెరిసేటిదొక్కటే కానొచ్చింది అవ్వా. దాన్నే చూసుకుంట కూసున్న. ముఖం యాడున్నదో ఎతకాలె. ఎతకలే."

బీరమ్మ ఫోటోను కొంగులో చుట్టుకుని లేచింది. గడప దిగి వెనక్కి తిరిగింది.

"బ్యాండుల మిగిలినోళ్లు ఏడుగురున్నరు. ఆళ్లు సుత ఊరేగింపులల్ల తిరుగుతున్నరు. ఆళ్లకు గూడ అవ్వలున్నరు. ఆళ్లనన్న మంచిగ తియ్యి."

ఆ రోజే స్వామిదాసు చేవెళ్ల పోయి విద్యార్థులను కలిశాడు. ఆ ఫోటో సాలోమోనుది కాదని, తాను గీసిన ముఖమని, తీసేయమని అడిగాడు.

"నువ్వే గదన్నా ఇచ్చినవు," అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "అది చూసి ఊర్లకు ఊర్లు కదులుతున్నయి. ఇప్పుడు కాదంటె ఎట్ల?"

స్వామిదాసు తిరిగి వచ్చేశాడు. ఆ ముఖం తర్వాత చాలా ఊళ్లలో గోడల మీదికెక్కింది. కొన్ని ఇళ్లల్లో పటం కట్టించి పెట్టుకున్నారు. ఎవరైనా అడిగితే ఆయన నిజం చెప్పేవాడు. అడిగినవాళ్లు తక్కువ. ఆ తర్వాత బతికినన్నాళ్లు ఆయన ఎవరి ఫోటోలోనూ కుంచెతో కళ్లు దిద్దలేదు.

కుర్మయ్య బ్యాండు సాయంత్రాలు చర్చిలో సాధన చేసేది. రాతి గోడలు, చిన్న కిటికీలు, కరెంటు లేదు. పగలే దీపం పెట్టుకోవాలి. స్వామిదాసు రోజూ కెమెరా మెడలో వేసుకుని అక్కడికి పోసాగాడు. కుర్మయ్య మొదట ఒప్పుకోలేదు.

"మా ముఖాలు మంచిగ పడితె మాకే కష్టమన్నా. రేపు ఎవలన్న వచ్చి ఊరేగింపుల వాయించినోళ్లు వీళ్లేనని గుర్తువడతరు."

"ఊరేగింపుల తియ్య. గీ చర్చిల కీర్తన వాయించంగ తీస్త. ఫోటోలు మీ ఇండ్లల్లకు తప్ప యాడికి పోవు. బీరమ్మ అవ్వ చెప్పింది," అన్నాడు స్వామిదాసు. ఆమె పేరు విన్నాక కుర్మయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆయన దగ్గర మంచి ఫిల్ము ఒక్క చుట్టే మిగిలింది. పన్నెండు ఫోటోలు. అందుకని నెల రోజులు ఫిల్ము వేయకుండానే వంగి చూశాడు.

"కాళీ డబ్బల ఏం చూస్తున్నవన్నా?" అని డోలు వాయించే అనంతయ్య నవ్వేవాడు.

"చూసుడు నేర్సుకుంటున్న," అనేవాడు.

మెరిసే దాని మీద చూపు ఆగిపోకుండా ఉండటమే ఆయనకు అన్నిటికన్నా కష్టమైంది. ఇత్తడి ఎక్కడున్నా కన్ను అటే పోయేది. చివరికి అందరినీ మెడకు తెల్ల చేతిరుమాలు కట్టుకోమన్నాడు. నల్లని మెడ, తెల్లని గుడ్డ కలిసే గీత ఎంత చీకట్లోనైనా అద్దంలో కనిపించింది. ఆ గీత, కళ్లు దాదాపు ఒకే దూరంలో ఉంటాయి. గీత తేటపడితే ముఖమూ తేటపడుతుంది. అయినా నమ్మకం చాలక ఒక దారం తెచ్చాడు. వాయించడం మొదలయ్యే ముందే దారం కొసను ఆ మనిషి కంటి పక్కన పట్టుకోమని, రెండో కొసను కెమెరా దగ్గరికి లాగి దూరం కొలుచుకునేవాడు. కెమెరా చక్రం మీద అడుగులు, అంగుళాలు రాసి ఉంటాయి. కన్ను చెప్పిందీ, దారం చెప్పిందీ ఒకటైతేనే సరి. ఆ మనిషి కాళ్లున్న చోట నేల మీద సుద్దతో గీత గీసి, "పాట అయ్యేదాంక ఈ గీత దాటకు," అని బతిమాలేవాడు.

దూరం కుదిరినా ఇంకో చిక్కుంది. అంత తక్కువ వెలుగులో కెమెరా కన్ను రెప్పపాటు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండాలి. ఆ లోపల వాయించేవాడు ఊగితే అంతా పాడవుతుంది. దీనికి దారి చూపించింది విమలమ్మ. ఒక సాయంత్రం ఆమె వెనుక చాప మీద కూర్చుని వింటూ, "ఆళ్లు చరణం ఎత్తుకునేటందుకు ముందు ఊపిరి తీసుకుంటరు చూడుండ్రి. అప్పుడు ఎవ్వరు కదుల్తలేరు," అన్నది.

స్వామిదాసు ఆ తర్వాత కెమెరా ఇంట్లో పెట్టి వారం రోజులు పాటలు మాత్రమే విన్నాడు. ఏ కీర్తనలో ఎవరు ఎక్కడ ఆగుతారు, క్లారినెట్టు ఎప్పుడు దిగుతుంది, డోలు చేయి ఎప్పుడు గాల్లో నిలుస్తుంది, అన్నీ పట్టుకున్నాడు. ఇంట్లో అన్నం తింటూ కూడా లోలోపల పాడుకుంటూ, ఒక చోట ఆగి వేలితో కంచం అంచు నొక్కేవాడని విమలమ్మ చెప్పేది.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం సాలోమోను పేర చర్చిలో స్మారక కూడిక జరిగింది. బయట ఎడతెరిపి లేని వాన. లోపల నాలుగు లాంతర్లు. ఏడుగురు నిలబడ్డారు. బాకా ఊదేవాడు నిలబడే చోటును కుర్మయ్య ఖాళీగా వదిలేయించాడు. సమాధి దగ్గర వాయించని కీర్తన ఆ రోజు వాయించారు. బీరమ్మ ఆడవాళ్ల వైపు ముందు కూర్చుంది. పెళ్లి కాని రోజుల నుంచి ఆమె చర్చిలో అందరికన్నా గట్టిగా పాడేదట. ఆ రోజు పెదవులు కదపలేదు.

స్వామిదాసు సుద్ద గీతల ముందు ఒక్కొక్కరి దగ్గరా మోకాళ్ల మీద కూర్చుంటూ పోయాడు. పాట మధ్యలో ఆగిన చోటల్లా ఒక చిన్న చప్పుడు వినిపించేది. కూడిక అయ్యేసరికి పన్నెండు ఫోటోలూ అయిపోయాయి. ఆయన చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది.

సాయంత్రమే కడిగాడు. ఐదుగురి ముఖాలు నిలిచాయి. అనంతయ్య ముఖం ముడతలతో సహా వచ్చింది. ఇద్దరివి రాలేదు. కుర్మయ్య ఏడుస్తూ వాయించాడు, తల ఒక క్షణం కూడా నిలవలేదు. ఇంకొకరి విషయంలో దారంతో దూరం తప్పుగా కొలిచాడు. ఆ ఇద్దరికీ అబద్ధం చెప్పకుండా, రాలేదని చెప్పి, పట్నం నుంచి ఫిల్ము తెప్పించి సెప్టెంబరులో మళ్లీ తీశాడు. కుర్మయ్యది మూడోసారికి గానీ కుదరలేదు. ఏడు ఫోటోలూ ఏడు ఇళ్లకు తానే పోయి ఇచ్చి వచ్చాడు. ఎవరూ గోడకు కట్టలేదు. రోజులు అటువంటివి. పెట్టెల్లో బట్టల కింద దాచుకున్నారు.

తర్వాతి రెండేళ్లలో ఉద్యమం చల్లబడింది. కాలేజీలు తెరిచారు. రాష్ట్రం రాలేదు. జైలుకు పోయినవాళ్లు తిరిగి వచ్చి పొలం పనుల్లో పడ్డారు. చేవెళ్ల నుంచి వచ్చిన ఆ ముగ్గురు విద్యార్థుల్లో ఒకడు గుమాస్తా అయ్యాడు. స్టూడియో ముందు బస్సు దిగినప్పుడల్లా తల వంచుకుని పోయేవాడు. స్వామిదాసే పిలిచి చాయ్ ఇప్పించేవాడు. సాలోమోను గురించి ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

బీరమ్మ చర్చికి వచ్చేది, కూర్చునేది, పోయేది. పాడేది కాదు. ఎవరూ పాడమని అడగలేదు.

1971 క్రిస్మస్ ఆరాధనకు గండిపేట దిక్కు నుంచి కూడా జనం వచ్చారు. తెల్లవారలేదు, మంచు కిటికీల్లోంచి లోపలికి వస్తున్నది. కుర్మయ్య బ్యాండులో కొత్త బాకా మనిషి చేరాడు. రెండో కీర్తన మూడో చరణంలో ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది. బొంగురుగా, శ్రుతి తప్పి, ఆగి, మళ్లీ అందుకుంది. కుర్మయ్య తిరిగి చూసి, మిగతావాళ్లకు చేత్తో నెమ్మది చేయమని సైగ చేశాడు. బీరమ్మ పాడుతున్నది.

స్వామిదాసు గోడ పక్క నుంచి నెమ్మదిగా ముందుకు జరిగాడు. కొలవడానికి వీలు లేదు, ఆగమనడానికి వీలు లేదు. వంగి అద్దంలో ఆమె తెల్ల కొంగు అంచు కోసం వెతికాడు, దొరికింది. చరణం చివర ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగాడు.

నాలుగు రోజుల తర్వాత ఆమె తోట నుంచి వస్తుంటే పిలిచి ఫోటో చేతిలో పెట్టాడు. కళ్లు, కళ్ల కింద చారలు, సగం తెరుచుకున్న నోరు, పండ్ల మధ్య సందు, అన్నీ ఉన్నాయి. బీరమ్మ గడప మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"గింత ముసల్దాన్నయిన్నా సామిదాసూ?"

"అయినవ్ అవ్వా."

ఆమె నవ్వింది. సాలోమోను పోయిన తర్వాత ఆమె నవ్వడం చూసింది అదే మొదటిసారని, అప్పుడు అక్కడే ఉన్న విమలమ్మ నాతో అన్నది. ఆ తర్వాత బీరమ్మ లేచి, చీకటి పడక ముందే ఇల్లు చేరాలంటూ రోడ్డు దాటి పోయింది.